దండ వేసిన వరుసలో బాబీ

జాలారిపేట, విశాఖపట్నం
6 జనవరి 2025

ప్రభువునందు ప్రియ చెల్లెలు, సౌభాగ్యవతి సుధారాణికి నీ పెదనాన్న కొడుకు దుర్గారావు రాయు సంగతులు.

ఫోను ఉన్న రోజుల్లో నీకు చేసిన పాపాన పోలేదు. దాన్ని సముద్రంలో విసిరేశాక మాత్రం రోజూ నీతో మాట్లాడాలనిపిస్తోంది. నవ్వుకో. పేట అంతా నవ్వింది. అరచేతిలో బంగారు దూడను పెట్టుకుని మీరు ఏ దేవుణ్ణి వెతుకుతారని ఉపవాస కూడికలో కేకలేశాను. అన్న మాట మీద నిలబడాలి కదా, జనమంతా చూస్తుండగా ఒడ్డుకు నడిచి నా ఫోను గిరాటేశాను. నా వెనక మరికొన్ని పడతాయనుకున్నాను. ఒక్కటీ పడలేదు. నేను విసరడాన్ని మాత్రం నలుగురు వీడియో తీశారు.

అసలు సంగతికి వస్తాను. మన టెన్త్ బ్యాచ్ అంతా కలుస్తోంది. క్లాస్ లీడర్ హేమశ్రీ గుర్తుంది కదా, ఇప్పుడు రుషికొండలో ఓ కంప్యూటర్ కంపెనీకి క్యాంటీన్ నడుపుతోంది. స్కూటీ మీద మా ప్రార్థన మందిరానికే వచ్చింది. "ఫోన్ లేనోడివి బ్యాచ్ మొత్తానికి నువ్వొక్కడివే. నీ కోసం పెట్రోలు తగలేసుకుని రావాల్సొచ్చింది. మీ ప్రభువు నాకేటైనా టీఏ ఇత్తాడేటి?" అంది. ఆదివారం పెడితే రానని తేల్చి చెప్పాను. ఫిబ్రవరి ఎనిమిది, రెండో శనివారానికి మార్చారు. వాట్సాప్ గ్రూపులో లేనివాళ్లను కాళ్లరిగేలా తిరిగి పిలిచే పని నాకు పడింది. తప్పిపోయిన గొర్రెను వెతకడమే కదా నా పని, ఒప్పుకున్నాను.

గణేష్ పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల కొట్లో కూర్చుని ఉన్నాడు. స్కూల్లో వాణ్ణి పరుగులో కొట్టినవాడు లేడు. షుగరొచ్చి కుడికాలి వేళ్లు తీసేశారు. "దేవుడికి నా కాలి ఏళ్లే గావాల్సొచ్చాయేటిరా బావా? ఈ బజార్లో ఇన్ని కాళ్లున్నాయి" అన్నాడు. ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న భక్తుడి సంగతి ఎత్తుకున్నాను. సగంలో ఉండగానే, "ఉల్లిపాయలు కొంటే కొను, నేకపోతే పక్కకి తప్పుకో, బేరాలు పోతన్నాయి" అన్నాడు.

నరసింహమూర్తిది ఆనందపురం. వాళ్ల పొలంలో ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి. ఆ అపార్టుమెంట్ల గేటు దగ్గర అతనే వాచ్‌మన్. "మొదటి బ్లాకు లిఫ్టు ఉంది సూడు, అక్కడే మా నుయ్యి. అప్పుడు నీళ్లు తోడేవోళ్లం, ఇప్పుడు మనుసుల్ని తోడతన్నారు" అని చూపించాడు.

ఒకటి గమనించాను సుధా. ఎవరి గుమ్మం ఎక్కినా ఎవరేం చేస్తున్నారని అడగరు. "ఎవరెవరు పోయారు?" అని అడుగుతారు. నరసింహమూర్తి అయితే నీ భర్త పేరే ఎత్తాడు, బాబీ పోనాడట కదా అని. నా ఒళ్లు మండింది. బాబీ బావ ఎక్కిన బోటు ఆ గాలివానకు ఒడ్డు చేరలేదన్నది నిజం. ఏడేళ్లయినా ఓ చెక్క ముక్కయినా దొరకలేదన్నదీ నిజం. దొరకనివాణ్ణి పోయాడనడానికి వీడెవడు? ప్రవక్తను చేప మింగితే తిరిగి నేల మీద కక్కలేదా? తడి లుంగీతో ఒడ్డున నిలబడ్డ బావను ప్రభువు నాకు దర్శనంలో చూపించలేదా? ఆ మాట విన్న నాటి నుంచి మీ అత్త పోతమ్మ ఒక్క ఆదివారం మానలేదు. ముందు వరుసలో కూర్చుని "నా కొడుకు బతికున్నాడు" అని ఆమె సాక్ష్యం చెబితే మందిరం దద్దరిల్లుతుంది. ఆ భీమవరం రొయ్యల కంపెనీలో నువ్వు చన్నీళ్లలో చేతులు పెట్టుకుని ఉన్నా, నీ విశ్వాసం చల్లబడనివ్వకు.

నిన్నూ నీ పసుపుకుంకుమలనూ ప్రార్థనలో మోస్తున్న (పాత మాటే వచ్చేసింది, కొట్టేస్తే కాగితం పాడవుతుందని ఉంచాను)
అన్నయ్య దుర్గారావు


భీమవరం
17 జనవరి 2025

అన్నయ్యకు సుధ నమస్కారాలు.

ఉత్తరం అందింది. హాస్టల్లో ఉత్తరం వచ్చినది నా ఒక్కదానికే. వార్డెన్ కోర్టు నోటీసేమో అనుకుని నన్ను పిలిపించింది.

కలుస్తున్న సంగతి నాకు ముందే తెలుసు. నేను గ్రూపులో ఉన్నాను. హేమశ్రీ రోజూ పొద్దున్నే గులాబీ పువ్వు పెడుతుంది, దాని కింద అందరూ దండాలు పెడతారు. షెడ్డులోకి వెళ్లేటప్పుడు ఫోన్లు గేటు దగ్గర ఇచ్చేయాలి. సాయంత్రం తీసుకుంటే అన్ని పువ్వులూ ఒకేసారి వస్తాయి. నాకు సెలవు ఇవ్వరు. సరుకు దిగే రోజులు.

అన్నయ్యా, సౌభాగ్యవతి అని రాయకు.

ఇక్కడికి కొత్తగా వచ్చిన వాళ్లు మొదట అడిగేది మీ ఆయన ఏం చేస్తాడని. ఒకళ్లకు గుజరాత్ బోట్ల మీద ఉన్నాడన్నాను. ఇంకొకళ్లకు దుబాయ్ అన్నాను. ఒరిస్సా పిల్ల ఒకతి రెండూ విని, "అక్కకి ఇద్దరు మొగుళ్లు" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఏ అబద్ధం ఎవరికి చెప్పానో గుర్తుండటం లేదు.

ఆ రోజు అందరూ కూడినప్పుడు ఆయన సంగతి తప్పకుండా వస్తుంది. వచ్చినప్పుడు నువ్వు అక్కడ ఉండు. పుట్టింటివాళ్లని చెప్పుకోవడానికి నాకు మిగిలింది నువ్వే. నాన్న ఉంటే ఎప్పుడో చీర తెచ్చేవాడు. ఆ చీర బాకీ నీ మీద ఉంది. ఇంతకంటే ఉత్తరంలో ఎలా రాయాలో తెలియదు.

సుధ


జాలారిపేట
27 జనవరి 2025

ప్రభువునందు ప్రియ చెల్లెలు, సౌభాగ్యవతి సుధారాణికి అన్నయ్య వందనాలు.

వద్దన్నా రాశాను. నువ్వు వద్దనడం చూసి ముందు సంతోషించాను. పాత మాటలు ఒక్కొక్కటీ వదులుకుని ప్రభువు దగ్గరకు నడుస్తున్నావని పోతమ్మత్తకు కూడా చెప్పాను. కానీ ఈ మాట ఒక్కటి మాత్రం వదలకు. బావ తిరిగి వచ్చేవరకు నువ్వు సౌభాగ్యవతివే. ఎవరికీ అబద్ధాలు చెప్పాల్సిన పని లేదు. వస్తాడని చెప్పు, చాలు.

చీర అడిగావు. నోరు తెరిచి ఏనాడూ ఏదీ అడగనిదానివి, చదువుతుంటే కళ్లు తడిశాయి. పూర్ణా మార్కెట్‌కు వెళ్లి ఆకుపచ్చ రంగు చీర తీశాను. పక్క కొట్లోనే గాజులూ తీశాను, చీర రంగువే. బేరం గణేష్ ఆడాడు. నాకు నిజం చెప్పడమే గానీ బేరం ఆడటం రాదట. పార్సెల్ పంపుతున్నాను, రోజూ గాజులు వేసుకునే పని కాదని తెలుసు, ఆ శనివారం ఒక్కరోజయినా కట్టుకుని వేసుకో.

బావ పేరు వచ్చినప్పుడు నేను అక్కడే ఉంటాను. దేవుని మందసానికి కాపలా ఉన్నట్టు ఉంటాను.

నీ అన్నయ్య


జాలారిపేట
9 ఫిబ్రవరి 2025

ప్రియ చెల్లెలు సౌభాగ్యవతి సుధారాణికి.

ఆరాధన ముగిసింది, గొంతు పోయింది, అయినా రాస్తున్నాను. నిన్నటి సంగతి ఇంకొకరి నోట నువ్వు వినకూడదు.

హాలు రుషికొండ దగ్గర. చేరేసరికి అందరూ పొట్టలు లోపలికి పీల్చుకుని ఫోటోలు దిగుతున్నారు. ఒకరినొకరు గుర్తుపట్టలేక మెడలో పేర్ల కార్డులు వేసుకున్నారు. నరసింహమూర్తి వాచ్‌మన్ బట్టలతోనే వచ్చాడు, డ్యూటీ మధ్యలో తప్పించుకుని. టీచర్లలో బతికున్నవాళ్లకు శాలువాలు కప్పారు. స్టేజీ వెనక పెద్ద ఫ్లెక్సీ. మన స్కూలు గేటు బొమ్మ, 1999 అని అంకెలు, కింద నల్ల గీత. ఆ గీత కింద పోయినవాళ్ల ఫోటోలు, ఒక్కొక్కదానికీ దండ అచ్చువేసి. నలుగురు. నాలుగోది బాబీ బావ.

పెళ్లినాటి ఫోటో సుధా. పక్కన నువ్వున్న భాగం కోసేసి, ఆయన్ని మాత్రం ఉంచి, మెడలో దండ.

దేవాలయంలో బల్లలు పడదోసిన ప్రభువే నా చెయ్యి పట్టుకున్నాడనుకుంటాను. చించబోతే ఫ్లెక్సీ చిరగదు. పక్కన కేకు ఉంది, దాని కత్తి తీశాను. హేమశ్రీ ఫోను ఎత్తి పట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

"దుర్గారావూ, ఏటి సేత్తన్నావు? ఆగు. ఆ ఫోటో ఎవరిచ్చారో ఇను ముందు."

"ఎవరిచ్చినా సాతాను గుమస్తాలే" అన్నాను, అప్పటికే రెండో చేత్తో మైకు లాక్కున్నాను.

"బావా, అది కేకు కత్తిరా. కేకింకా కొయ్యనేదు" అని కింద నుంచి గణేష్.

బావ ఫోటో మేర కోసేశాను. మైకులో అరగంట వాక్యం చెప్పాను. నాలుగు దినాలు సమాధిలో కుళ్లినవాణ్ణి పేరు పెట్టి పిలిస్తే బయటికి నడిచాడే, సమాధే లేనివాణ్ణి మీరు ఎలా పాతిపెడతారని అడిగాను. బిరియానీ చల్లారిపోయింది. హేమశ్రీ ఏడ్చింది, ఎందుకు ఏడ్చిందో అడగలేదు.

ఆ ముక్క ఇంటికి తెచ్చి, దండ ఉన్నమేర కత్తెరతో తీసేసి పోతమ్మత్తకు ఇచ్చాను. గోడకు అంటించుకుంది. నీ తరఫున నిలబడ్డాను చెల్లీ. బతుకులో చేసిన పనుల్లో ఇదొక్కటి చాలు నాకు.

నీ అన్నయ్య దుర్గారావు


భీమవరం
16 ఫిబ్రవరి 2025

అన్నయ్యకు.

సాతాను గుమస్తాను నేనే. ఆ ఫోటో నేనే పంపాను. పక్కన ఉన్న నన్ను నేనే కోసేసుకుని హేమశ్రీకి పంపాను.

హేమశ్రీ ఎత్తి పట్టుకున్న ఫోనులో నేనే ఉన్నాను. వీడియో కాల్‌లో చూపించమని అడిగాను. సూపర్‌వైజర్ కాళ్లావేళ్లా పడితే గేటు బయటికి కాసేపు వదిలాడు. పొద్దున్నే తలంటుకున్నాను. గేటు బయటికి వచ్చాక నువ్వు పంపిన గాజులు వేసుకున్నాను. అందరూ లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడతారు కదా, అప్పుడు తీసేద్దామని. మన క్లాసంతా ఉంటుంది, పుట్టింటివాడు నువ్వు ఉంటావు, అదే నాకు పదకొండో రోజు అనుకున్నాను. ఫోనులో నీ చేతిలో కత్తి కనిపించింది. తర్వాత నీ గొంతు. ఆ గొంతు చాలాసేపు వచ్చింది. టైమైపోయిందని సెక్యూరిటీ పిలిచాడు. గాజులతోనే వెనక్కి తిరిగాను, లోపల గాజులు కూడదని గేటు దగ్గరే అతను తీయించాడు. అలా తీశాను.

మన పేటలో సముద్రానికి పోయి రానివాణ్ణి పోయాడని ఎవరూ అనరు. అంటే అన్నవాళ్ల నోటి మీదకు వస్తుందని భయం. పెళ్లాం అనకూడదు, తల్లి అనదు. పుట్టింటివాళ్లు చీర తెచ్చి పెడితేనే అయిందని లెక్క. పెదనాన్న పోయాక నువ్వే కదా మిగిలావు. నువ్వు దర్శనం తెచ్చావు.

నేను ఎవర్నీ చేసుకోవడానికి కాదు అన్నయ్యా. నాకు పిల్లలు లేరు, ఎవరూ అడగటమూ లేదు. ఏడేళ్లుగా తలుపు చప్పుడైతే లేస్తున్నాను. ఇక్కడ గదిలో పదిమందిమి, ఎవరో ఒకరు బయటికి వెళుతూనే ఉంటారు. అన్నిసార్లూ లేస్తాను. అలిసిపోయాను.

నా భర్త చనిపోయాడని నీ నోటితో ఒక్కసారి అను. ఏ మైకులో అయితే వస్తాడన్నావో ఆ మైకులో అను. ఏ రంగుదైనా సరే, ఒక చీర పట్టుకుని రా.

సుధారాణి


జాలారిపేట
3 మార్చి 2025

సుధకు.

నీ ఉత్తరం చదివి మొదట నీ మీదే కోపం వచ్చింది. పెద్ద జవాబు రాశాను, నిండా వాక్యాలే. పోస్టు చేయడానికి వెళ్లి, డబ్బా దగ్గర నిలబడి, వెనక్కి వచ్చాను.

ఒక రాజు ఉన్నాడు. బిడ్డ జబ్బుతో ఉన్నంతకాలం నేల మీద పడి, తిండి మాని ఏడ్చాడు. బిడ్డ పోయాడని తెలియగానే లేచి స్నానం చేసి అన్నం పెట్టించుకున్నాడు. ఈ భాగం మీద ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు, ఆ రాజు గుండెదిటవు గురించి. కానీ ఆ రాజుకు బిడ్డ పోయాడని చెప్పినవాళ్లు ఉన్నారు సుధా. వాళ్లు భయపడుతూనే చెప్పారు. ఆ వాక్యం మీద నా కన్ను ఎన్నడూ ఆగలేదు.

నిన్న ఆదివారం చెప్పాను. ప్రసంగం లేదు. లేచి, మా బావ బాబీ సముద్రంలో చనిపోయాడు అన్నాను. ముందు వరుసలో పోతమ్మత్త.

"మరి నీ దర్సనం మాటేటి?" అంది.

"కల అత్తా. నాకు అలా కావాలనిపించింది, అలా కలొచ్చింది."

"ఏడేళ్లూ కలేనేటి?"

ఆమె లేచి నిలబడింది. "అందుకేటి ఆ ఫోను గిరాటేసీసినావు, ఆడు ఫోన్ సేత్తాడని భయమేసీసింది నీకు" అంది. అలా ఎందుకందో నాకు ఇప్పటికీ తెలియదు. చెప్పులు వేసుకోకుండానే వెళ్లిపోయింది. ఆమె వెనక ఎందరు లేచారో నేను చూడలేదు. సాయంత్రం కూడికకు ముగ్గురు వచ్చారు.

శనివారం చీరతో వస్తాను.

అన్నయ్య


భీమవరం
13 మార్చి 2025

అన్నయ్యకు సుధ.

నువ్వు ఇల్లు చేరి ఉంటావు. హాస్టల్ ముందు వేపచెట్టు కింద నీ చేత చీర పెట్టించుకోవడం ఒరిస్సా పిల్లలు కిటికీల్లోంచి చూశారు. మా అన్న అని చెప్పాను. మీ ఆయన ఎక్కడని మళ్లీ ఎవరూ అడగలేదు.

నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఆ రాత్రి తలుపు చప్పుడైతే లేవలేదు, అంతే. మరుసటి రోజు లేచాను. అలవాటేమో.

ఒకటి అడుగుతాను. పోయినవాళ్ల ఇంట్లో నలుగురూ కూర్చుని, ఇలా అనేవాడు, ఇలా తినేవాడు అని చెప్పుకుంటారు కదా. ఇక్కడ ఆయన్ని ఎరిగినవాళ్లు ఎవరూ లేరు. నన్ను నేను అడుగుతుంటే గొంతు గుర్తు రావడం లేదు. ముఖం ఉంది, గొంతు లేదు. నన్ను ఏమని పిలిచేవాడో తెలుసు, ఎలా పిలిచేవాడో వినపడటం లేదు. ఆయన ఫోను ఆయనతోనే పోయింది. నువ్వు మనవాళ్లందరి ఇళ్లూ తిరిగావు, మళ్లీ ఒకసారి తిరుగు. ఆయన గురించి ఎవరికి ఏం గుర్తుంటే అది రాయి. చిన్నదైనా సరే.

సుధ


జాలారిపేట
2 ఏప్రిల్ 2025

సుధకు.

తిరిగాను. అందుకే ఆలస్యమైంది.

గణేష్‌కు రెండో కాలు కూడా నల్లబడుతోంది. బాబీ అంటే లెక్కల మాస్టారు కొడితే కిటికీలోంచి దూకి పారిపోయినవాడు కదా అన్నాడు. అది బాబీ కాదు, నేను. చెబితే, "అవునా, మరి బాబీ ఎవుడ్రా?" అని నా ముఖంలోకి చూశాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, "ఏటనుకోకు బావా, ఎరిగున్నోడే, గుర్తు రాట్లేదు" అన్నాడు. ఆ మాటే రెండుసార్లు అన్నాడు.

నరసింహమూర్తి, అన్నం పెట్టెలో రోజూ ఎండుచేప తెచ్చేవాడని చెప్పాడు. మన క్లాసులో సగం మంది తెచ్చేవారు సుధా. ఇంకేమైనా అంటే, నెమ్మదస్తుడు అన్నాడు. కారొచ్చింది, గేటు తీయడానికి వెళ్లాడు.

హేమశ్రీ నాతో మాట్లాడదనుకున్నాను. లోపలికి పిలిచి టీ ఇచ్చింది. గ్రూపులో అందరినీ అడిగింది, నా ముందే. దండాలు వచ్చాయి, ఏడుపు బొమ్మలు వచ్చాయి, మంచివాడని రాశారు. మంచివాడని పదిమందికి పైగా రాశారు. ఏం చేశాడో ఒక్కరూ రాయలేదు. టెన్త్ గ్రూపు ఫోటో తీసి వెతికింది, అందులో లేడు. ఫోటో రోజు వాళ్ల నాన్నతో వేటకు వెళ్లి ఉంటాడు.

నా సంగతి అడుగుతావు. రెండు రోజులు కూర్చున్నాను. పక్క వీధి, ఒకే బడి, నా చెల్లెలి భర్త. నాకు కనిపించేది ఆ కలలోని మనిషే. ఏడేళ్లు అతని గురించే చెప్పి చెప్పి అసలు మనిషిని తుడిచేశాను. ఆ కలలోవాడు మాట్లాడడు.

చివరికి పోతమ్మత్త దగ్గరకు వెళ్లాను. మందిరానికి రావడం మానేసింది కానీ నేను చెప్పినవన్నీ మాటకు మాట ఆమె దగ్గర ఉన్నాయి. గోడ మీది ఫోటో ముందు కూర్చుని వల బాగుచేస్తోంది, కొడుకుదే. అత్తా, బావ గొంతు ఎలా ఉండేది, సుధ అడిగింది, గుర్తు రావడం లేదట, కాస్త చెప్పు అన్నాను. తల ఎత్తలేదు.

"దానికి గుర్తు నేకపోతే పోనీ. నాకు బాగా తెలుసు. రేత్రి కూడా ఇన్నాను."

"ఎలా ఉంటుందో చెప్పత్తా. ఆమెకు రాస్తాను."

"నానెందుకు సెప్పాల? సచ్చిపోయినోళ్ల గురించి సెప్పుకుంటారు. ఆడొచ్చాక ఆడి గొంతు ఆడే ఇనిపిత్తాడు" అంది. "అప్పటిదాకా ఓపిక పట్టమని దానికి రాయి. నువ్వే కదా ఓపిక పట్టమన్నావు."

మళ్లీ అడిగాను. కాళ్లు పట్టుకున్నాను. ఆ గొంతు ఈ లోకంలో ఆమె ఒక్కదాని దగ్గరే ఉంది సుధా. ఆమె ఇవ్వదు. వల మీద నుంచి చెయ్యి తీసి నా తల మీద పెట్టి, విశ్వాసం పోగొట్టుకోవద్దని నాకు ప్రార్థన చేసింది.

దుర్గారావు